మా బడి బోరు నీళ్ల లెక్క మా పిల్లలకు చెప్పండి

సైన్సు పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, తాగునీటి పరీక్షలు చూసే అధికారులకు, విద్యా వైద్య శాఖల వారికి, ఊరూరా ఫిల్టర్ నీళ్ల ప్లాంట్లు నడిపే అన్నదమ్ములకు,

నమస్కారం. నేను నల్లగొండ జిల్లా పడమటి మండలాల్లో చాలా ఏళ్లు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఇప్పటికీ వారానికి రెండు రోజులు నేను పనిచేసిన బడికే వెళ్లి పిల్లలతో ప్రయోగాలు చేయిస్తుంటాను. ఈ ఉత్తరం ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తుందని అనుకోలేదు. రెండేళ్లలో మూడు సార్లు సోమవారం పూట అర్జీ ఇచ్చాం, నాలుగోసారి సమాచార హక్కు కింద అడిగాం. చట్టం చెప్పిన 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. మేం అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బడి ఆవరణలో ఉన్న బోరు నీళ్లలో, హద్దు దాటితే పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబులో పరీక్ష చేయించి, ఆ అంకె మాకు రాసివ్వండి అన్నాం, అంతే. రశీదులు నాలుగూ నా దగ్గరే ఉన్నాయి, అంకె మాత్రం రాలేదు.

ఊరి పేరు, బడి పేరు ఇందులో రాయడం లేదు. ఫలానా ఊరిది ఫ్లోరైడ్ నీళ్లు అని పేరు పడితే ఆ ఊరి ఆడపిల్లల సంబంధాలు వెనక్కి పోతాయని మా దగ్గర తల్లులు భయపడతారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు, నా కళ్ల ముందే అట్లా రెండు సంబంధాలు తప్పిపోయాయి.

ముందు ఒక రోజు సంగతి చెప్తాను, అసలు విషయమంతా అక్కడే ఉంది.

తొమ్మిదో తరగతి పిల్లల ముందు మూడు స్టీలు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో బడి బోరు నీళ్లు, ఒకదాంట్లో సర్కారు మిషన్ భగీరథ కింద ఇంటింటికీ వచ్చే నల్లా నీళ్లు, మూడోదాంట్లో ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్లు. ఏవి ఏవో చెప్పలేదు. వాసన చూడండి, ఒక చుక్క నాలుక మీద వేసుకోండి, వీటిలో మీ ఇంట్లో చిన్నపిల్లలకు ఏవి తాగిస్తారో, ఏవి తాగించరో చెప్పండి అన్నాను. ఎక్కువమంది నల్లా నీళ్లను పక్కకు నెట్టేశారు. "బ్లీచింగ్ వాసనొస్తుంది మేడం, అవి తాగితే గొంతు పడతది" అన్నారు. బోరు నీళ్ల గ్లాసు మాత్రం చేతులు మారింది. "ఇవి సల్లగ, తియ్యగ ఉన్నయ్."

తర్వాత పరీక్ష మొదలుపెట్టాం. ఊళ్లలో ఇంటింటికీ నల్లా నీళ్లివ్వాలని కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలని ఉంది కదా, అలాంటి కిట్టే ఒకటి నేను సొంత డబ్బులతో కొన్నాను. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, ఊపి, కొద్ది నిమిషాలు ఆగి, అట్ట మీద ఉన్న రంగులతో పోల్చుకోవాలి. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు అలాగే నిలుస్తుంది, ఉన్నకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. నల్లా నీళ్లు గులాబీగానే ఉండిపోయాయి. బోరు నీళ్లు మెల్లగా పసుపులోకి వెళ్లి అట్ట మీద లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములని చూపే గడి దాటాయి, అంటే తాగేనీళ్ల హద్దు దాటాయి. గొట్టం పట్టుకున్న పిల్లవాడు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, కిట్టు ఖరాబైనట్టుంది" అన్నాడు.

వాడికి నాలుక మీద అనుమానం రాలేదు, కిట్టు మీద వచ్చింది. క్లాసులో మొదటి వరుసలో కూర్చునే పిల్లవాడు, మొద్దు కాదు. అందుకే ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు, ఇన్నేళ్లు నేను చెప్పిన సైన్సు వీడికి ఏం నేర్పిందా అని.

నిజానికి మా పిల్లలకు ప్రమాదం అంటే తెలియక కాదు. మూసీ మీద తెల్లటి నురగ చూసి ముక్కు మూసుకుంటారు, ఆ నీళ్లు చెడ్డవని ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకై ఆర్ఆర్ వెంకటాపురంలో జనం రోడ్ల మీద కుప్పకూలిన వీడియోలు చూసి మా పిల్లలు నన్ను రోజుల తరబడి ప్రశ్నలడిగారు, మన దగ్గరి ఫ్యాక్టరీల్లో కూడా అట్లాంటివి ఉన్నాయా మేడం అని. ఆ ఒక్క దుర్ఘటనలో 12 మంది పోయారు. కంటికి కనపడేది, ముక్కుకు తగిలేది, ఒక్క రాత్రిలో వచ్చి పడేది వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పసితనంలో తాగిన నీళ్లు బడికొచ్చేనాటికి పళ్ల మీద తేలతాయి, పదేళ్లో ఇరవయ్యేళ్లో తాగాక ఎముకల్లో తేలతాయి. దీన్ని గుర్తుపట్టడానికి నాలుక, ముక్కు, కన్ను ఏవీ పనికిరావు. ఒక అంకె కావాలి. ఆ అంకెనే మీరు ఇవ్వడం లేదు.

ఇది ఎవరో ఫ్యాక్టరీవాళ్లు పారబోసిన విషం కూడా కాదు, మా కాళ్ల కింది రాయిలోనే ఉంది. ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, నీళ్లు ఎన్నో ఏళ్లు ఆ రాతి పగుళ్లలో నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేటు ఎక్కువైన చోట ఇంకా ఎక్కువ కరుగుతుంది. గమ్మత్తేమిటంటే కాల్షియం తక్కువున్న నీళ్లే నోటికి తేలిగ్గా ఉంటాయి, పప్పు బాగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురుగొస్తుంది. అంటే మా అమ్మలు తరతరాలుగా మంచినీళ్లకు పెట్టుకున్న గుర్తులన్నీ ఈ నీళ్లను మంచివేనని చెప్తాయి. అమ్మ చెప్పిన గుర్తును పిల్లలు నమ్మకుండా ఎట్లా ఉంటారు?

బడిలో మేం నేర్పించింది కూడా సరిగ్గా ఈ నీళ్ల దగ్గరే తప్పిపోతోంది. చిన్నప్పటి నుంచీ నీళ్లు మరగబెట్టి తాగాలి అని చెప్పాం. క్రిములకు అది సరైన మందే. పరీక్ష అయ్యాక ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి, బోరు నీళ్లు మరగబెట్టి తమ్ముడికి తాగించడం మొదలుపెట్టింది, వారం తర్వాత ఎంతో సంబరంగా వచ్చి నాకు చెప్పింది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదమ్మా, నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది అని చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. మేం నేర్పిన పాఠాన్ని శ్రద్ధగా పాటించినందుకు ఆ పిల్లకు అట్లా జరిగింది.

ఇంకోటి టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చూపేది. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే పెన్ను లాంటి ఆ మీటరు ఇప్పుడు ఇంటర్ పిల్లల జేబుల్లో ఉంటోంది. ఏ నీళ్లలో ముంచినా ఒక అంకె చూపిస్తుంది, ఐదొందల లోపు ఉంటే సూపర్ అంటారు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపించాను. ఒక లీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి 450 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. అందులో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉంది. మీటరు 450 అనే చూపిస్తుంది, ఫ్లోరైడ్ అర మిల్లీగ్రామే ఉన్నా దాదాపు అదే చూపిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. మూడు అంటే దానికి రెండింతలు. మీటరుకు ఆ తేడా పట్టుకునే శక్తే లేదు. పిల్లలు సైన్సును నమ్మారు, పనిముట్టు కూడా కొన్నారు, కానీ అది ఏం కొలుస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మరో పిల్లవాడు టూత్‌పేస్ట్ డబ్బా తెచ్చి, "ఇందుల ఫ్లోరైడ్ ఉందని గొప్పగ రాసిండ్రు, మీరేమో చెడ్డదంటున్నరు, ఏది నిజం మేడం?" అని అడిగాడు. నా సర్వీసులో నేను విన్న మంచి ప్రశ్నల్లో ఇదొకటి. కొద్దిగా అయితే పంటికి గట్టిదనం, హద్దు దాటితే అదే పంటికి చేటు, అందుకే పేస్టు ఉమ్మేయాలి, పసిపిల్లలను మింగనివ్వకూడదు. మోతాదు అనే ఒక్క మాట అర్థమైతే ఫ్లోరైడే కాదు, పురుగుమందు, పొగ, సీసం, ఏదైనా పిల్లవాడు సొంతంగా ఆలోచించుకోగలడు. మన పాఠాల్లో పర్యావరణం అంటే ఓజోన్ పొర, ధ్రువాల దగ్గర కరిగే మంచు, అమెజాన్ అడవులు. అవి వద్దనను. కానీ పిల్లవాడు రోజుకు రెండు మూడు లీటర్లు కడుపులోకి పంపే నీళ్లు ఆ పాఠంలోకి రావు. వచ్చినా ఒక పేరాగా వచ్చి రెండు మార్కుల ప్రశ్నగా మిగులుతాయి. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇంటర్ మొదటి ఏడాదిలో మా పిల్లలు రాసిన పర్యావరణ పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే, పాసైతే చాలు అనుకుని గంటలో రాసి బయటికొచ్చేవాళ్లు.

చరిత్ర కూడా వాళ్లకు చెప్పలేదు మనం. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, తెలుగు నేల మీదే, గుర్తించి రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారు. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ఆ పేరుతోనే వాడి చూశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. మా నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని మామూలు జనం చేసిన పని అది. ఆ ఊళ్ల పిల్లలకే ఆ సంగతి తెలియదు. నేను చెప్తే కథ అనుకున్నారు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. భగీరథ నీళ్లు వచ్చాక జిల్లాలో ఫ్లోరైడ్ లేదు, 2020 నాటికే కేంద్రం లెక్కల్లో రాష్ట్రంలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అంటారు. కృష్ణా నీళ్లు ఇంటికి రావడం ఎంత పెద్ద మేలో నాకు చెప్పక్కర్లేదు, బిందెలు మోసిన తరం మాది, ఆ మేలుకు దండం పెడతాను. కానీ ఆ సున్నా నల్లా నీళ్ల లెక్క. భూమిలో నీళ్లు మారలేదు, రాయి మారలేదు, బోరు మూతపడలేదు. పైపు పగిలినప్పుడు, మోటారు కాలినప్పుడు, బ్లీచింగ్ వాసన నచ్చనప్పుడు జనం బోరు దగ్గరికే పోతారు. బడిలో నల్లా నీళ్లు రాని రోజు మధ్యాహ్న భోజనం వండే అక్కలు బియ్యం దేనిలో ఎసరు పెడతారో ఎవరైనా అడిగారా?

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. పళ్లు. ముందు పళ్ల పైపొర పుట్టుక నుంచి ఏడెనిమిదేళ్ల వయసులోపే తయారైపోతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే తర్వాత వచ్చే పళ్ల మీద తెల్లటి చారలు, గోధుమరంగు మచ్చలు పడతాయి. మా దగ్గర గారపళ్లు అంటారు. అది మురికి కాదు, తోమితే పోదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇటుకపొడితో రోజూ తోముకుంటోంది. నా దగ్గరికి వచ్చి నోరు తెరిచి చూపించింది, చిగుళ్లు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి, మచ్చ మాత్రం అట్లాగే ఉంది. ఫోన్లో ఎవరో చెప్పారని బొగ్గుపొడి, నిమ్మరసం, వంటసోడా కూడా అయ్యాయి. ఉన్న పైపొర కూడా అరిగిపోయి చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటోందట. ఫొటో తీస్తామంటే మా పిల్లలు పెదవులు బిగించి నిలబడతారు. మా బడి గ్రూపు ఫొటోలు చూస్తే పిల్లలంతా ఏదో కోపంలో ఉన్నట్టు కనిపిస్తారు.

2. ఎముకలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే మా జిల్లా కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే జబ్బును గమనించి ప్రపంచానికి చెప్పారు. అంటే ఇది ముసలితనంలో వచ్చే బాధ మాత్రమే కాదు. అయినా మా పిల్లలను అడిగితే, అది మా తాతల జబ్బు, ఇప్పుడు లేదు అంటారు. నడుము పట్టేసినా, మెడ తిప్పలేకపోయినా మొదట వాళ్లు అనుకునేది బండి మీద ఎక్కువ తిరిగామనే. ఊళ్లో డాక్టరు దగ్గర నొప్పి సూదులు వేయించుకుంటారు. ఆ నొప్పి మందులు ఏళ్ల తరబడి వాడితే మూత్రపిండాల మీద పడుతుంది. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సింది ఆ మూత్రపిండాలే.

3. పొలం పని. సెలవుల్లో పత్తి ఏరడానికి పోయే పిల్లలు పొలం బోరు దగ్గర మోటారు నీళ్లు దోసిలితో తాగుతారు. ఎండాకాలం అయితే మామూలు కంటే రెండు మూడు రెట్లు తాగుతారు. నీళ్లలో ఫ్లోరైడ్ పెరగకపోయినా ఒంట్లోకి పోయే మోతాదు పెరుగుతుంది. అక్కడికి ఏ నల్లా రాదు, ఏ క్యాన్ రాదు.

4. డబ్బు. కూలి ఇళ్లలో క్యాన్ కొంటే తాగడానికి మాత్రమే కొంటారు. అన్నం, పప్పు, చాయ్ బోరు నీళ్లతోనే. అన్నం ఎన్ని నీళ్లు పీల్చుకుంటుందో వంట చేసేవాళ్లకు తెలుసు, చాయ్ ఆకులోనూ సొంతంగా కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. డబ్బులు పెట్టి క్యాన్ కొంటున్నాం, మాకేం కాదు అనే ధీమా మాత్రం మిగులుతుంది.

5. అన్నిటికంటే నాకు దిగులుగా ఉండేది ఇది. ఇప్పుడు నా ముందు కూర్చున్న పద్నాలుగేళ్ల అమ్మాయి ఇంకో ఏడెనిమిదేళ్లకు తల్లి అవుతుంది. ఆ పసిబిడ్డ మొదటి ఎనిమిదేళ్లు ఏ నీళ్లు తాగాలో తేల్చేది తనే. అధికారులు మారతారు, పథకాల పేర్లు మారతాయి, వంటింట్లో బిందె ఎక్కడ నింపాలో చెప్పేది మాత్రం ఆ అమ్మాయే. ఆమెకు ఇప్పుడు అర్థం కాకపోతే ఇంకో తరం పళ్లు పోయినట్టే.

ఇంకో మాట, ఇది వార్తలు రాసేవాళ్లకు కూడా. ఎన్నో ఏళ్లుగా మా ఊళ్లకు కెమెరాలు వచ్చాయి. వంకర్లు పోయిన కాళ్లు, వంగిన నడుములు ఫొటోలు తీసి ఫ్లోరైడ్ భూతం, ఫ్లోరైడ్ మహమ్మారి అని హెడ్డింగులు పెట్టారు. ఆ ఫొటోల వల్లే నీళ్లు వచ్చాయని కొందరంటారు, కావచ్చు. కానీ ఆ ఫొటోల్లో ఉన్నది మా పిల్లల తాతలు, నానమ్మలు. చూసి చూసి పిల్లలకు సిగ్గు పట్టుకుంది. పట్నం హాస్టల్లో చేరాక ఏ ఊరు అని ఎవరైనా అడిగితే పక్క ఊరి పేరు చెప్పే పిల్లలున్నారు. భయపెట్టిన కొద్దీ వాళ్లు విషయం తెలుసుకోవడం లేదు, విషయమే లేదంటున్నారు. భూతం అన్నప్పుడు నిమ్మకాయలు గుర్తొస్తాయి తప్ప అంకె గుర్తురాదు. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్నేళ్లు. ఇది గుణకారం. గుణకారం మా పిల్లలకు బాగా వచ్చు.

చేయగలిగింది ఉందని తెలిస్తే పిల్లలు ఎంత తొందరగా అందుకుంటారో కూడా చూశాను. పాలు, గుడ్లు, రాగులు, మునగాకు, ఉసిరి, జామ లాంటివి తింటే కాల్షియం, సి విటమిన్ అంది ఫ్లోరైడ్ చేటు కొంత తగ్గుతుందని చెప్పాను. పోషకాహార సంస్థ వాళ్లు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో అచ్చయిన సంగతి చెప్పాను. "అయితే దినాం పచ్చిపులుసే మేడం" అని క్లాసంతా గోల. చింతపండు మందు కాదు, నీళ్లు మార్చుకోవడమే అసలు మందు అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కానీ మరునాడు ముగ్గురు పిల్లలు సీసాల్లో తమ ఇంటి నీళ్లు పట్టుకొచ్చారు, పరీక్ష చేద్దాం అని. కిట్టులో మందు అయిపోయేదాకా చేశాం.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. బడి బోర్లు, అంగన్‌వాడీ బోర్లు, ఊళ్లో జనం ఇంకా వాడే బోరింగులు, అన్నిటి నీళ్లనూ ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ల్యాబులో పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను ఫైల్లో పెట్టుకోకండి. బోరు పక్క గోడ మీద, పిల్లల కళ్లకు ఆనే ఎత్తులో, తెలుగులో రాయించండి. తేదీ, ఫ్లోరైడ్ ఎంత, హద్దు ఎంత. ఎక్కువుంటే తాగడానికి, వంటకు వాడొద్దు, కడుక్కోవడానికి వాడొచ్చు అని కూడా రాయండి. బోరు కనపడగానే భయపడి పారిపోవాల్సిన పని లేదు కదా.

2. బడుల వంటగదులకు నల్లా కనెక్షన్, నీళ్లు రాని రోజుకు సరిపడా ట్యాంకు. దీనికి వివరణ అక్కర్లేదు.

3. పాఠ్యపుస్తకం రాసే పెద్దలకు. ఫ్లోరైడ్ మీద ఇంకో వ్యాసం రాయమని అడగడం లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్సు పుస్తకాల్లో రెండు పేజీలు ఖాళీగా వదలండి. పైన "మా ఊరి నీళ్లు" అని ఉంటే చాలు. పిల్లలు తమ నీళ్లను కిట్టుతో పరీక్షించి, ల్యాబు అంకెతో పోల్చి, ఆ పేజీ వాళ్లే నింపాలి. ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు వైపు పిల్లలు తమ వాగు గురించి నింపుతారు, ఇంకో చోట పిల్లలు పురుగుమందు డబ్బాల గురించి నింపుతారు. దాని మీద పరీక్ష పెట్టకండి, పెడితే మరుసటి ఏడాదే గైడుల్లో జవాబు వచ్చేస్తుంది. టీచర్లకు ఏటా కిట్లు, మందు ఇవ్వండి. నా పెన్షన్లోంచి కొనడం నాకు బరువు కాదు, కానీ జిల్లాలో అన్ని బడులకూ నేను కొనలేను. మరగబెడితే ఏం పోతుంది, ఏం పోదు అనే చిన్న పట్టిక కూడా వేయండి.

4. ప్లాంట్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు. మీ మీద నాకు కోపం లేదు, మీ వల్ల చాలా ఇళ్లు బాగుపడ్డాయి. ఫిల్టరు సరిగ్గా పనిచేస్తే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. కానీ పొర పాతబడితేనో, రుచి కోసం బోరు నీళ్లు కొంత కలిపితేనో మళ్లీ లోపలికి వస్తుంది, అది మీకూ తెలుసు. టీడీఎస్ అంకె ఒక్కటే రాయకండి. ఫ్లోరైడ్ అంకె, పరీక్ష తేదీ బోర్డు మీద రాయండి. ప్లాంటు వడకట్టాక బయటికి వదిలేసిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, దాన్ని పశువులు తాగే గుంటల్లోకి పంపకండి. అధికారులు కూడా ఈ బోర్డు లేకుండా ప్లాంటు నడవనివ్వొద్దు.

5. నల్లా నీళ్లకు వాసన ఎందుకొస్తుందో ఇంటింటికీ చెప్పండి. క్లోరిన్ క్రిములను చంపడానికి వేస్తారు, బిందె మూత తీసి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి డబ్బులేం ఖర్చు కావు. వేలకోట్లు పెట్టి తెచ్చిన నీళ్లను మందు నీళ్లని పిల్లలు పక్కన పెడుతుంటే ఆ రెండు ముక్కలు చెప్పేవాళ్లు లేరు.

6. జాతీయ ఫ్లోరోసిస్ కార్యక్రమం 2008-09 నుంచి ఉంది. బడిపిల్లల పళ్లు చూడటం అందులో ఉన్న పనే. చూడండి, కానీ క్లాసులో అందరి ముందూ పేరు పిలిచి కాదు. ఏ పిల్లకు మచ్చలున్నాయో ఆ పిల్లకు, తల్లికి విడిగా కూర్చోబెట్టి చెప్పండి, ఇది నీ తప్పు కాదు, మురికి కాదు, ఇటుకపొడితో తోమకు అని. పళ్ల డాక్టరు దగ్గర మచ్చలు కప్పే వైద్యం ఉంది. దాన్ని సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇవ్వండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి అది సోకు కాదు.

ఈ ఆరింటిలో మొదటిది ఒక్కో బోరుకు ఒక మనిషి, ఒక సీసా, ఒక రోజు పని. మా ఒక్క బోరుకే రెండేళ్లయినా అది కాలేదు కాబట్టి ఇలా రాయాల్సి వచ్చింది.

పోయిన నెలలో మా పిల్లలు బోరు పక్క గోడకు సున్నం కొట్టారు. మీరు అంకె పంపగానే రాయడానికి చోటు ఉండాలని ఆ కిట్టు పట్టుకున్న పిల్లవాడే నీలం రంగుతో మూడు గడులు గీశాడు. తేదీ, ఫ్లోరైడ్, పరీక్ష చేసినవారు. ఇప్పటికీ మూడూ ఖాళీగానే ఉన్నాయి. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ లోపు ఎవరినైనా పంపండి, సీసా మేమే కడిగి పెడతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచర్,
నల్లగొండ జిల్లా